స్టూలు మేడం

ఎవరూ, స్టూలు మేడం గురించా? ఆ పేరు నీకెవరు చెప్పారే? మీ నాన్నా? వాడికేం తెలుసు, వాడప్పటికి నిక్కరు జారిపోకుండా పట్టుకోవడమే రాదు. ఇలా వచ్చి కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, మెడ పట్టేస్తోంది. సోమవారం నించి నువ్వూ ఆ ఆఫీసులోనే కదా చేరేది, అందుకని ఇప్పుడు తాతయ్య గుర్తొచ్చాడు. నాకు తెలుసులే. లేకపోతే ఈ ముసలాడి పక్కన కూర్చునే తీరిక నీకెక్కడిది, ఎప్పుడు చూసినా ఆ ఫోన్లో తల దూర్చేస్తావు. సరే సరే, మూతి ముడవకు. చెబుతా.

అప్పట్లో ఆ ఆఫీసంటే ఎవరికీ లెక్కే లేదు. మంచాన పడ్డవాళ్ళు, చూపు లేనివాళ్ళు, బుద్ధి ఎదగనివాళ్ళు ఉంటారు చూడు, పెద్దవాళ్ళే కానీ తమని తాము కాచుకోలేనివాళ్ళు, వాళ్ళని ఇంట్లోవాళ్ళు సరిగ్గా చూస్తున్నారా, కొడుతున్నారా, కడుపు మాడుస్తున్నారా అని ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవడం వాళ్ళ పని. నేను జీపు తోలేవాణ్ణి. జీపంటే ఏదో అనుకునేవు, ఎడమవైపు తలుపు తాడుతో కట్టాను. ఆ తాడు మేడం పట్టుకుని కూర్చునేది. మలుపొచ్చిందంటే 'డ్రైవరుగారూ, పట్టుకున్నాను, తిప్పండి' అనేది. నన్ను గారూ అని పిలిచిన ఆఫీసరు ఆవిడొక్కతే, మొదట్లో నన్ను కాదేమో అని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఆవిడకి ముందు ఆఫీసరొకాయన, బట్టతలాయన, ఏ ఇంటికెళ్ళినా ముందుగదిలో కూర్చుని టీ తాగి, 'అంతా బాగానే ఉంది, బయల్దేరదాం' అనేవాడు. టీ బాగుంటే ఇల్లు బాగున్నట్టే ఆయనకి.

ఆ, స్టూలు. అదే చెబుతున్నా, తొందరపెట్టకు. మడతపెట్టే స్టూలు, పైన మందపాటి గుడ్డ, ఇంతే ఎత్తు, నా మోకాలంత. జీపులో వెనకాల పడుండేది. ఎక్కడికెళ్ళినా అది మోసుకుని ఆవిడ వెనకాల నేను. నాకు తల కొట్టేసినట్టుండేది, నిజం చెబుతున్నా. వీధిలోవాళ్ళు చూసి 'ఏవమ్మా, చేతులు చూసి జాతకం చెబుతారా' అని ఆవిణ్ణి అడిగినవాళ్ళున్నారు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, ఎందుకు మేడం ఇది, వాళ్ళింట్లో కుర్చీలుండవా అని. ఆవిడ నవ్వింది. 'కుర్చీలుంటాయి డ్రైవరుగారూ, ముందుగదిలో ఉంటాయి. మంచి కుర్చీ దులిపి మరీ వేస్తారు. అందులో కూర్చున్నానంటే వేసినవాళ్ళతోనే మాట్లాడాలి. నేను చూడ్డానికొచ్చిన మనిషి వెనకగదిలో ఉంటుంది, అక్కడ కుర్చీ ఉండదు' అంది. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళకి వెళ్ళామో, నేను పని గట్టుకుని చూసేవాణ్ణి. ఆవిడ చెప్పిందే నిజం, వెనకగదిలో కుర్చీ ఉండేది కాదు.

టైపు టీచరని ఒకావిడ ఉండేది, ఆవిడింటికి మేం వెళ్ళింది ఆ మరుసటేడో ఏమో. ఆవిడ ఊళ్ళో సగం మందికి టైపు నేర్పిన మనిషి. ఇంటి ముందుగదిలోనే మిషన్లు, పొద్దుణ్ణించి టకటకటక. నడివయసులో చూపు పోయింది, అయినా క్లాసు మానలేదు. వెనకాల నిలబడి చప్పుడు వినే 'ఏమ్మాయ్, ఆ వేలు కాదు, పక్క వేలు' అనేసేదట. పెళ్ళీ పెటాకులూ లేవు. తమ్ముడు పోతే వాడి కొడుకుని తెచ్చుకుని పెంచింది. వాడే మేనల్లుడు, అప్పటికి ముప్ఫైల్లో ఉంటాడు, తెల్లగా ఉతికిన చొక్కా, మాట్లాడితే తేనె కారుతుంది. ఆ వీధిలో ఎవర్నడిగినా వాడి గురించి ఒకటే మాట, కన్నకొడుకైనా అంతలా చూడడని. మరి అలాంటింటికి మనమెందుకు వెళ్తున్నట్టు మేడం అంటే, ఫోనొచ్చింది అంది. ఎవరు చేశారు అంటే చెప్పలేదు. నాకు దురద నీకు తెలుసుగా, ఎవరై ఉంటారబ్బా అని దారంతా ఒకటే ఆలోచన. పక్కింటివాళ్ళా, మానేసిన స్టూడెంటా, పాలవాడా?

వెళ్ళాం. వాడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. 'రండి మేడం, రండి, ఇక్కడ కూర్చోండి, ఈ కుర్చీ మెత్తగా ఉంటుంది.' మేడం నా చేతిలో స్టూలు తీసుకుని సరాసరి వెనకగదికి నడిచింది. నేను బయటికి పోవాలి, రూలు అది. బయటికే పోయాను, కాకపోతే హాలు కిటికీ పక్కన నిలబడ్డాను, అక్కడ్నించి వెనకగది తలుపులోంచి లోపలంతా కనిపిస్తుంది. నవ్వకు. ఇల్లు అద్దంలా ఉంది. ఆవిడ బట్టలు శుభ్రంగా, మందులు వేళ ప్రకారం, వంక పెట్టడానికి లేదు. ఉన్నదల్లా కాళ్ళ మీద దెబ్బలు. మోకాలి కింద పాతవి, కొత్తవి, నల్లగా, పచ్చగా. మేడం 'ఇవేంటి టీచరుగారూ' అని అడిగి ఊరుకుంది. ఆవిడ నోరు తెరిచేలోపల వీడు అందుకున్నాడు. 'పడిపోతుంటుంది మేడం. చూపు లేకపోవడం కాదు, మతి తప్పుతోంది. ఇన్నేళ్ళ ఇల్లు, ఏది ఎక్కడుందో గుర్తుండట్లేదు పాపం. నాకు గుండె తరుక్కుపోతుంది. డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చారు, వచ్చే వారం మతి లేనివాళ్ళ హోముకి పంపుతున్నాను, అక్కడైతే బాగా చూస్తారని.' ఆ హోము నాకు తెలుసే తల్లీ. జీపులో దింపి వచ్చినవాణ్ణి. ఆ గేటు లోపలికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ బయటికి రావడం నేను చూళ్ళేదు. మతి ఉన్నా అక్కడే పోతుంది.

ఆవిడ మాత్రం 'అవునమ్మా, నా బుర్రే పాడైపోయింది. మా వాడు బంగారం' అంది, తల వంచుకుని. తర్వాత మిషన్లు చూపిస్తానని లేచింది. గోడ పట్టుకుని హాల్లోకొచ్చింది, వచ్చీ రాగానే బల్లకి గుద్దుకుంది. దభీమని. అక్కడ రాతబల్ల ఒకటుంది, పాతకాలంది, ఏనుగంత. వీడు పరిగెత్తుకొచ్చి పట్టుకుని 'చూశారా మేడం' అన్నాడు. నాకు జాలేసింది, వాడి మీద. అబద్ధమెందుకు, వాడి మీదే జాలేసింది, ఎంత ఓర్పురా బాబూ అనుకున్నాను. జీపెక్కాక మేడం తాడు పట్టుకుంది. తర్వాత అంది కదా, 'డ్రైవరుగారూ, నా స్టూలు మీంచి చూస్తే హాల్లో నేల కనిపించింది. గోడ వారగా గచ్చులో నాలుగు గుంటలున్నాయి. బల్ల కాళ్ళవి. ఆ బల్ల ఏళ్ళ తరబడి అక్కడుంది. ఇప్పుడు దారికడ్డంగా ఉంది.' నేను, ఊడ్చేటప్పుడు జరిపుంటారులెండి అన్నాను. 'జరిపుంటారు. గుడ్డివాళ్ళింట్లో జరిపితే చెబుతారు కదా' అంది.

ఇంకో రెండు మూడు రోజులకనుకుంటా, చెప్పా పెట్టకుండా మళ్ళీ వెళ్ళాం. ఈసారి బల్ల ఇంకోచోట ఉంది, ముందుగది వైపు, వంకరగా. నేను కిటికీ దగ్గరికి... ఆ, వెళ్ళాను, అవును, వెళ్ళాను, నువ్వైతే వెళ్ళవా? మేడం లోపలికెళుతూనే గట్టిగా, నాకు వినబడేలా, 'టీచరుగారూ, నా స్టూలు మీ గది గుమ్మం దాటి హాల్లోకి రాగానే ఎడమపక్క, గోడకి మూరెడు దూరంలో పెడుతున్నాను' అంది. అని, పోయి ఆవిడ మంచం మీదే కూర్చుంది. ఇక కబుర్లు. టైపు గురించి, పిల్లల గురించి, ఏ మిషను ఏ మూల మొరాయిస్తుందో. ఎంతసేపో చెప్పలేను, నా కాళ్ళు పీక్కుపోయాయి. మేనల్లుడు తలుపు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు, మధ్యమధ్యలో 'అత్తయ్య అలిసిపోతుంది మేడం' అంటాడు. ఆవిడ అలిసిపోవడమేంటే, మొహం వెలిగిపోతుంటే! అప్పుడు మేడం, 'పదండి, ముందుగదిలోకి వెళ్దాం' అంది, ఇంకేం చెప్పకుండా.

ఆవిడ లేచింది. గోడ పట్టుకుని గుమ్మం దాటింది. దాటగానే గోడ మీంచి చెయ్యి తీసేసి, కుడివైపుకి ఒక అడుగు వేసి, స్టూలుని చుట్టుకుని, మళ్ళీ గోడ పట్టుకుంది. నూలుపోగంత కూడా తగల్లేదు. నాకు ఒళ్ళు జలదరించింది. అంతసేపు ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకున్నాక, ఒక్కసారి విన్న మాట ఎలా గుర్తుందో చూడు! అలా నాలుగడుగులు ధీమాగా వేసింది. వెళ్ళి బల్లకి గుద్దుకుంది.

ఈసారి మేనల్లుడు పరిగెత్తబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది. టీచరు బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకేమో కిటికీలోంచి అరిచి చెప్పెయ్యాలనుంది. కాసేపటికి ఆవిడే అంది, తనలో తనే అనుకుంటున్నట్టు, 'స్టూలు గుర్తుంది నాకు.' మళ్ళీ అంది. 'స్టూలు గుర్తుంది. మరి బల్ల ఎందుకు గుర్తుండదు?' వెనక్కి నడిచి, గోడ వారన కింద కూర్చుని, నేల తడుముతోంది. వేళ్ళతో. ఒక గుంట దొరికింది. పక్కన ఇంకోటి. నాలుగూ తడిమింది. టైపు చేసిన వేళ్ళు కదా, వాటికి తెలియందేముంది. అప్పుడు తలెత్తి, 'ఒరేయ్, బల్ల జరిగింది' అంది.

వీడు నీళ్ళు నమిలాడు. 'ఊడ్చేటప్పుడు కొంచెం జరుగుతుందత్తయ్యా, దానికేముంది.' ఆవిడ గొంతు పెంచలేదు. 'జరిగితే జరిగింది. నేను అడిగానుగా. పడ్డప్పుడల్లా అడిగేదాన్నిగా, బల్ల ఏమైనా జరిపావా నాన్నా అని. లేదత్తయ్యా, నువ్వే మర్చిపోతున్నావు అన్నావుగా.' వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఎందుకు చేశాడంటే, తర్వాత తెలిసిందిలే, ముందుగది కోసం. ఆ మిషన్లు అవతల పారేసి జిరాక్సు షాపు పెట్టుకోవాలని వాడికి ఎప్పట్నించో. ఈవిడ క్లాసు మానదు. కొట్టలేదు, తిట్టలేదు, ఒక్క పూట తిండి తగ్గించలేదు. బల్ల జరిపాడు, అంతే. ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుందే. చెంప మీద కొట్టినవాణ్ణైనా క్షమిస్తానేమో కానీ, మనిషికి తన బుర్ర మీద తనకే నమ్మకం లేకుండా చేసినవాణ్ణి... ఆ గ్లాసు ఇలా ఇయ్యి. ఆ.

అప్పుడు ఆవిడ మేడం వైపు తిరిగి ఒక మాటంది. 'అయితే నేను మీకు ఫోన్లో చెప్పిందంతా తప్పేనామ్మా?' నాకు అర్థం కాలేదు ముందు. వాడికీ కాలేదు, 'ఫోనేంటి' అన్నాడు. ఫోను చేసింది ఆవిడే! పక్కింటివాళ్ళూ కాదు, పాలవాడూ కాదు. వాడు బజారుకెళ్ళినప్పుడు ఆవిడే అంకెలు తడుముకుని మన ఆఫీసుకి చేసింది. ఏమని? నన్ను కాపాడండి అని కాదే పిచ్చిదానా. 'నాకు మతి పోయిందమ్మా. మా వాడు మంచివాడు, నోరు తెరిచి చెప్పుకోలేడు, నాతో నలిగిపోతున్నాడు. వాడికి నా పీడ వదిలించండి, ఆ హోమేదో తొందరగా చూడండి' అని. తన మీద తనే ఫిర్యాదు చేసుకుంది. జీపులో వెనక్కొస్తూ మేడం అంది, 'ఆవిడ ఇంటి గుర్తులు చెప్పిన పద్ధతి చూసి అనుమానమొచ్చింది డ్రైవరుగారూ. ఏ మలుపు తర్వాత ఏ మలుపో తడబడకుండా చెప్పింది.' అదీ చూపు లేని మనిషి! వేరే ఎవరైనా అయితే, సరే ఆవిడే ఒప్పుకుంటోంది కదా అని హోముకి కాగితాలు పంపేసేవాళ్ళు. బట్టతలాయనైతే టీ కూడా తాగక్కర్లేకుండా పంపేసేవాడు.

లేదులే, ఇంకా అవలేదు. జీపు సంగతి తర్వాత. అక్కడ హాల్లో వాడు ఏడుపు మొదలెట్టాడు. నిజం ఏడుపో దొంగ ఏడుపో నాకిప్పటికీ తెలీదు. మేడం వాడి వైపు చూడనే లేదు. టీచరు పక్కన కింద కూర్చుని, 'టీచరుగారూ, ఆ సర్టిఫికెట్టు ఇక చెల్లదు, ఆ సంగతి నేను చూసుకుంటాను. ఇప్పటికిప్పుడు మీరుండడానికి మా దగ్గర మంచి చోటుంది, ఎవరూ ఏమీ అనరు, వస్తారా? మీరేమంటే అదే' అంది. నేను లోపల్లోపల రండమ్మా, వచ్చెయ్యండి, జీపు ఇక్కడే ఉంది అనుకుంటున్నాను. ఆవిడ ఇంకా ఆ గుంటల మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుంది. చివరికి, 'ఇల్లు నాది. నేనెందుకు రావాలమ్మా? వాణ్ణి వెళ్ళమనండి' అంది. వాడు కాళ్ళ దగ్గర కూలబడి, 'అత్తయ్యా, నేను పోతే నిన్నెవరు చూస్తారే' అన్నాడు. ఆవిడ తడుముకుని వాడి తల మీద చెయ్యి వేసింది. వేసి, 'చూడక్కర్లేదురా. పెట్టినవి పెట్టిన చోట ఉంటే చాలు నాకు' అంది.

...

ఆ? ఏంటీ? ఏం లేదు, కంట్లో ఏదో పడింది. నువ్వు భోంచేశావా లేదా ఇంతకీ?