కలక ఊట

అయ్యా, నేనిదివరకు ఎప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో ఆపేశారు. తప్పులుంటే మన్నించండి. కానీ మీరు మాత్రం అలా కసురుకోవచ్చా? "నోట్లో నాలుక లేదా నీకు?" అని నిన్న కాలవ లాకు గట్టు మీద, పడవవాళ్లందరి ముందూ! ఉందండీ నాలుక. కొత్తవాళ్లని చూస్తే అంగిట్లో అతుక్కుపోతుంది. అందుకే ఈ కాగితం.

మీరడిగిందేమిటి? లాకు దగ్గర మేం వాడే మాటలు చెప్పమన్నారు, ఆఫీసు పుస్తకంలో అన్ని లాకులకీ ఒకే మాటలుండాలని. నేను తలూపుతుంటే మీరే రాసుకున్నారు. పై తలుపులు, కింది తలుపులు, మధ్యన పడవ నిలిచే గది, నీళ్లు వదిలే తూములు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత 'కారుట' ఉందా లేదా అన్నారు. ఉందన్నాను. టిక్కు పెట్టేశారు.

అయ్యో, అదొక్కటేనా అండీ? మాకు రెండు. తేట ఊట, కలక ఊట. కింది తలుపుల అడుగున ఊరే నీటిని రోజూ పొద్దున్నే గాజుగ్లాసులో పట్టి గట్టు మీద పెడతాం. మా మామగారి నాటి అలవాటు. ఎండ కాస్త చురుక్కుమనేసరికి గ్లాసు అడుగు చూస్తాం. ఏమీ పేరకపోతే తేట ఊట. తలుపు ముసలిదైంది, అంతే. మన్ను పేరిందా, కలక ఊట. నీళ్లు పునాది కింద మట్టిని తినుకుంటూ వస్తున్నాయన్నమాట. "తేట ఊటకి తారు, కలక ఊటకి పరుగు" అనేవారు మామగారు.

ఏమంటారు? నిన్న గ్లాసు తేటగానే ఉందిగా అంటారా?

అక్కడికే వస్తున్నాను. కాస్త ఓపిక పట్టండి.

మీ పుస్తకంలో ఈ లాకు తలుపులు తిప్పే లస్కరు మా ఆయన. ఆయన నడుం పడిపోయి ఏడు నెలలు. తలుపులు తిప్పేది నేను, సంతకం ఆయనది. పడవవాళ్లకి తెలుసు, పాపం ఎవరూ నోరు విప్పలేదు. లాకుని మరమ్మతుకి మూశారనుకోండి, మీవాళ్లొచ్చి లస్కరేడీ అంటారు. మంచం మీద మనిషిని చూస్తారు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. ఆ మంచం నెత్తినెట్టుకుని ఎక్కడికి పోను?

తొమ్మిది రోజులుగా గ్లాసులో మన్ను పేరుతోందండీ. మొదట గోరంత. మొన్నటికి వేలెడు. రోజూ పారబోసి, గ్లాసు కడిగి, ఎగువ కాలవ నీళ్లు ముంచి పెట్టాను. నిన్న మీరు వెలుగులోకి ఎత్తి "అద్దంలా ఉన్నాయే" అన్నది ఆ నీళ్లే.

నమ్మారు. నమ్మి కొత్త పద్ధతి చెప్పారు. ఒక్క పడవ కోసం గదంతా నింపి వదిలేస్తే దండగ, దిగువ పొలాలకి నీళ్లందట్లేదు, రెండేసి పడవలు జతయ్యేదాకా గది నిండుగానే ఉంచమన్నారు. తేట ఊట లాకుకైతే బంగారంలాంటి మాట. దీనికి? రోజల్లా అంత బరువు, ఆ గుల్లబారిన నేల మీద! అయినా తలూపాను. ఆ తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.

మీరు వెళ్లాక నింపాను. కాసేపటికి గట్టు మీద నిలబడితే అరికాళ్ల కింద గుడగుడ. ఆకలేసిన కడుపు చేసే చప్పుడు. గాలి లేదు, అయినా పడవ తాడు బిగుస్తోంది, వదులవుతోంది. "ఏమే, గ్లాసేమంటోంది?" అన్నాడు మా ఆయన మంచం మీంచి. "తేటగానే ఉంది" అన్నాను. ఆయనకీ అబద్ధమే.

దిగువన తొమ్మిది ఇళ్లు. మూడోది మా చెల్లెలిది.

ఇవాళ పొద్దున్నే కింది తూములు రెండూ ఎత్తేశాను. గదంతా ఖాళీ చేశాను. అవును, మీ నీళ్లే. దండగ చేశానని రాసుకోండి. గది ఎండితే ఊట ఆగాలిగా? ఆగలేదు. గది అడుగున గచ్చు పగులులోంచి ఎర్రగా, బుడబుడమని లేస్తూనే ఉంది. పై తలుపుల కింద కూడా దారి పడిపోయిందండీ. ఎగువ కాలవంతా ఇప్పుడు ఆ బొరియ మీదే కూర్చుంది.

పరుగెత్తాను. తొమ్మిది గుమ్మాల ముందూ గొంతు చించుకున్నాను, పిల్లల్నెత్తుకుని మెరకెక్కండర్రా అని. చెల్లెలు చంటిదాన్ని చంకనేసుకుంది. వాళ్ల అత్తగారు గడపకి అడ్డం నిలబడింది.

"నిన్నేగా ఆఫీసరుగారు అద్దంలా ఉందన్నది? మావాడు చెవులారా విన్నాడు. ఆయనకంటే నీకెక్కువ తెలుసా, ఐదో క్లాసు పండితురాలివి?"

అందరూ నవ్వారు. గ్లాసు కడిగి మోసం చేసింది నేనేనని చెప్పాను. మొదటిసారి అంతమందిలో నోరు విప్పి చెప్పాను. "దీనికి మతి పోయింది" అన్నారు, ఒక్కరూ మెరకెక్కలేదు.

పడవవాళ్లు నమ్మారు. వాళ్లకి నీళ్లు తెలుసు. మా ఆయన్ని మంచంతో సహా, ఊరంతా చూస్తుండగా, మెరక మీదికి మోశారు. ఈ కాగితం పట్టుకొచ్చేదీ వాళ్లే. ఇల్లు తీసుకోండి, ఉద్యోగం తీసుకోండి. ముందు వచ్చి మెరకెక్కమన్న ఆ మాట మీ నోటితో చెప్పండి.

నేను మా చెల్లెలి గడప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల వాళ్ల అత్తగారు పొయ్యి రాజేస్తోంది.