ఆరింటిదాకా కూర్చోండి

(విదేశాంగ శాఖలో కార్యదర్శి గది. ఎదురుగా ముసాయిదాలు రాసే ఉద్యోగిని. సాయంత్రం నాలుగు నలభై.)

“పంపావా?”

“పంపాను సార్. చర్చలు ఆపొద్దు, ఆరింటిదాకా కూర్చోండి, ఐదు దేశాల వాళ్ళనూ కదలనివ్వకండి అని. మీరు చెప్పినట్టే.”

“చివర్లో ఇంటి ముక్క?”

“రాశాను. ఇంటి సంగతి ఒక్కటైనా లేకపోతే అది మన దగ్గర్నుంచి వచ్చిన కబురని అక్కడ చర్చల్లో ఉన్న మా తమ్ముడు నమ్మడు కదా.”

“ఏం రాశావు?”

“వాడి పాపకి జ్వరం తగ్గిందని.”

“తగ్గిందా?”

“ఎక్కడ తగ్గింది, ఆస్పత్రిలోనే ఉంది. నిజం రాస్తే మా తమ్ముడు చేతిలో కాగితాలు అక్కడే పడేసి వచ్చేసేవాడు. మీరే కదా సార్, వాణ్ణి రానివ్వద్దన్నది.”

“మంచిపని చేశావు. కూర్చో.”

“శత్రుదేశం మీద మనతో కలవడానికి నాలుగు దేశాలు ఊఁ అన్నాయట సార్. ఐదో దేశం ఒక్కటే నాన్చుతోంది. ఇంకో రెండ్రోజులు ఓపిక పడితే అందరం కలిసి...”

“ఒక ప్రకటన రాయాలి.”

“ఉమ్మడి ప్రకటనేగా? సిద్ధంగా ఉంది.”

“ఉమ్మడిది కాదు. మన ఒక్కరిదే.”

“మన ఒక్కరిదే అంటే?”

“ఐదున్నరకి మన విమానాలు శత్రుదేశం స్థావరాల మీద బాంబులేస్తాయి. రాసుకో. ఆత్మరక్షణ కోసం, వేరే దారిలేక...”

“మనవాళ్ళు చర్చలకి కూర్చున్నది వాళ్ళ రాజధానిలోనే సార్.”

“తెలుసు.”

“తొమ్మిది మంది. మా తమ్ముడితో కలిపి.”

“తెలుసమ్మా. రాసుకో.”

“మొదటి బాంబు పడగానే ఆ హాలు తలుపులు మూసేస్తారు. ఒక్కణ్ణి కూడా బయటికి రానివ్వరు.”

“మూసేస్తారు.”

“ఇంకా ముప్పావుగంట ఉంది. ఒక్క కబురు పంపనివ్వండి. వచ్చేయమని.”

“మనవాళ్ళు లేచిపోతే వాళ్ళకి అనుమానం రాదూ?”

“మావాడొక్కడే లేస్తాడు. కడుపునొప్పంటాడు, ఏదో అంటాడు. మీ కాళ్ళు పట్టుకుంటా సార్.”

“లే. బాగుండదు. లైన్లన్నీ తీసేశారు. నీ ఫోనూ పనిచెయ్యదు.”

“మా మరదలికి ఏం చెప్పను? ఆస్పత్రిలో పిల్ల పక్కన కూర్చునుంది. నీ మొగుణ్ణి నేనే అక్కడ కూర్చోబెట్టానని చెప్పనా?”

“చెప్పకు. ఆవిడకెందుకు తెలియాలి?”

“ఆర్నెల్లు తిరిగాం ఆ ఐదు దేశాల చుట్టూ. యుద్ధంలోకి ఒంటరిగా దిగితే మునిగిపోతామని మీరే అన్నారు, ఈ గదిలోనే. అబద్ధమా అది?”

“నిజమే. ఇప్పటికీ అదే అంటాను.”

“మరి ఇదేంటి?”

“మనవాళ్ళొక్కళ్ళే బందీలైతే అది మన గొడవ. ఐదు దేశాల వాళ్ళూ లోపలుంటే తెల్లారేసరికి ఐదూ మన పక్కనే నిలబడతాయి. ఆరింటిదాకా అందర్నీ కూర్చోబెట్టమన్నది ఇంకెందుకనుకున్నావమ్మా?”