ఎల్లారెడ్డి హాల్లో చప్పట్లు లేవు

హలో… ఆ, నేనే, లక్ష్మీరాజంను. నా నంబరుకు చేసి ఎవరంటవేంది… మూడు దినాల సంది చేస్తున్న గంగామణీ. ఆదివారం మాపటి నుంచి ఇరవై రెండు సార్లు. ఒక్కటి ఎత్తలే.

లేదు, దుకాణంలనే ఉన్న… గిరాకీ ఉంటే ఉండనియ్యి, చెప్పు… ఒక్క నిమిషం. పెద్దాయనా, అర్ధ ఇంచు పైపులు రేపొస్తయి, రేపు రా… ఆ, చెప్పు.

ఏంది? పెండ్లి వద్దా?

గట్లంటే ఎట్ల? ఎల్లుండే గదా శుక్రవారం… కార్డులు కొట్టియ్యలేదని తేలికనా? గుడిల రెండు దండలే గావచ్చు, మీ అమ్మ రాములవ్వకు మాటిచ్చిన. నా బిడ్డ ఆశ్రితకు చెప్పుకున్న. నలభై ఆరేండ్లు నాకు. గీ వయసుల ఆటలాడుతనా?

నేనేం చేసిన? ఆదివారం కామారెడ్డికి రమ్మన్న, వచ్చినవ్. సినిమాకు పోయినం. అండ్ల దయ్యమున్నది, పాటలున్నయి, నవ్వులున్నయి. ఇంటర్వెల్‌ల ఐస్‌క్రీమ్ తిన్నవ్. ఆఖరి సీన్ల లేచిపోయినవ్. నేను బయటికొచ్చేవరకు నువ్వు బస్సే ఎక్కినవ్. గీ లెక్కల నా తప్పు ఎక్కడున్నదో చూపియ్యి.

…

ఆపమన్న. అవును. మీ గల్లీ అవుసులాయనకు నేనే ఫోన్ చేసి పోయిన సుకన్య పేరు మీది వెండి బిళ్ల చెయ్యొద్దన్న. దాస్తలేను.

నువ్వు విను ముందుగాల. సినిమాల రెండో పెండ్లాం ఏం చేస్తది? చచ్చిపోయిన మొదటామె పేరు మీద మెడల బిళ్ల కట్టుకుంటది. మనకాడ కట్టుకుంటరు గదా, గట్లనే. ఇగ ఆ బిళ్లలకెల్లి మొదటామె మాట్లాడుడు షురూ. మొగడు కొత్తామె చెయ్యి పట్టుకుంటే పాతామె తుమ్ముతది. హాలంత నవ్వుడే. నువ్వేమో లేచిపోయినవ్. భయపడ్డవనుకున్న. బిళ్ల ఉంటే భయం, బిళ్ల లేకుంటే భయం లేదు. అందుకే ఆపిన. నీ కోసమే ఆపిన.

భయం కాదా?… మరేంది?

చప్పట్లా?

…

కొట్టిన. ఆఖరికి హీరో ఆ బిళ్లను తెంపి వంతెన మీదికెల్లి నదిల పారేస్తడు, హాలంత కొట్టిండ్రు, నేనూ కొట్టిన. ఈల గూడ ఏసిన. అయితే ఏంది? సినిమా అది. నాలుగు వందల మంది కొట్టిండ్రు. నాలుగు వందల మందీ చెడ్డోళ్లేనా?

మళ్ల చూసినవా? ఎప్పుడు?… నిన్న. మీ ఎల్లారెడ్డిల, మీ అమ్మతోటి… ఎందరున్నరు హాల్ల?… అరవై. అండ్ల ఆడోళ్లు?… సగం కంటె ఎక్కువ. సరే. నవ్విండ్రా?… చూడు మరి. ముందంత పడి పడి నవ్విండ్రంటున్నవ్… మరి ఆఖర్ల?

ఒక్కరు గూడ కొట్టలేదా?

…

ఎవరామె?… నీ ముందు వరుసల ముసలామె. మెడల బిళ్లను చేతుల గట్టిగ పట్టుకున్నది… ఆమెది గూడ రెండో పెండ్లేనా… ఊఁ.

రాములవ్వ ఏమన్నది?… చెప్పు, మాట పడ్త.

"పోయినామెను నీళ్లల్ల ఏస్తె చప్పట్లు కొట్టినోడు, రేపు నువ్వు పోతే కొట్టడా" అన్నదా.

…

నువ్వు గూడ గదే అంటున్నవ్.

లేదు, పెట్టెయ్యలే. లైన్లనే ఉన్న. షట్టర్ సగం దించుతున్న, గదే చప్పుడు.

ఎందుకు కొట్టిన్నంటె… అందరు కొట్టిండ్రని… సరే, అందుకు కాదు. కాదంటున్న గదా. కొంచెం ఆగు.

ఆ దయ్యం ఉన్నది చూడు. గంటన్నర మొగనితోటి మాట్లాడవట్టె. అంగి గుండీ పెట్టుకో అనవట్టె. బీపీ గోలి ఏసుకున్నవా అనవట్టె. చుట్టూ పోరగాండ్లు నవ్వుతున్నరు. నాకేమో నవ్వు రాలే. పక్కన నువ్వున్నవ్, మొకం కనవడొద్దని నేను గూడ నవ్విన. ఈమె ఎప్పుడు పోతదా అని చూసిన. పోయింది. కొట్టిన.

…

సుకన్య పోయి మూడేండ్ల నాలుగు నెలలు. ఒక్కనాడు రాలే గంగామణీ. కలల గూడ రాలే. ఆ సినిమావోనికి రోజూ వస్తది, వాడు తీసుకపోయి పారేసిండు.

…

హలో? ఉన్నవా?

ఆ… ఆ. ఇప్పుడే చెప్త అవుసులాయనకు. మళ్ల చెయ్యమంట. మంచి వెండి… కొత్తది వద్దా? ఆమె వెండితోటే చెయ్యాల్నా?

ఉన్నయి. పట్టగొలుసులు. పైన బీరువాల… అది నేను తియ్యలే. ఆమె పోయినకాడికెల్లి తియ్యలే. శుక్రవారం నువ్వొచ్చినంక నువ్వే తియ్యి. నాతోటి కాదు.

…

నేనే తియ్యాల్నా?

ఇప్పుడా?

…

ఫోన్ పెట్టకు మరి. మెట్లెక్కుతున్న. దుకాణం మీదనే గదా ఇల్లు… ఆశ్రిత బడికి పోయింది. ఎవ్వరు లేరు… తాళం తిరుగుతలేదు. రోజుకు పది తాళాలు అమ్మెటోని ఇంట్ల గిట్ల… ఆగు. వచ్చింది.

చీరలున్నయి… ఇగో, దొరికినయి. రుమాలల చుట్టి ఉన్నయి… నేను కాదు, ఆమెనే చుట్టి పెట్టింది. దవాఖానకు పోయేటప్పుడు.

చప్పుడా? నేనే. చేతిల ఊగినయి. భయపడకు.

మళ్లనా?… ఉండు, ఫోన్ దగ్గర పెడ్త… విన్నవా?

…

ఆ. గిట్లనే నడిచేది. మెల్లగ.

…

ఎల్లారెడ్డికా? ఇయ్యాలనే అవుసులాయన కాడికి తేవాల్నా?… రమ్మంటె ఇప్పుడే ఎల్లుత. మీ అమ్మ ఉంటదా ఇంట్ల?… తిడ్తదా?… తిట్టనియ్యి. కూసోని వింట.

లేదు, జేబుల ఏసుకోను. సంచిల గూడ ఏసుకోను. చేతిలనే పట్టుకొని వస్త… బండి నడుపుడు ఎట్లయితది మరి. బస్సుకే వస్త. పెడ్తున్న.