ఏడుపు వినిపించని అంగన్‌వాడీ

మూడేళ్ళ కొడుకును అంగన్‌వాడీలో చేర్చి వారమైంది. సెక్టర్ 4 క్వార్టర్ పెరట్లో కోడలు బట్టలు ఆరేస్తోంది. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మామగారు అప్పుడే వచ్చి మెట్ల మీద కూలబడ్డారు. ఆయన చెప్పుల నిండా అంగన్‌వాడీ దారిలోని ఎర్రదుమ్ము చూసి ఆమెకు అనుమానం వచ్చింది.

“మళ్ళీ అంగన్‌వాడీకి వెళ్ళారా మావయ్యా?”

“మనోడిదీ, మార్కెట్ కాడదీ, రెండిటికీ ఎల్లేనమ్మా. గోడవతల గంటేసి నిలబడ్డాను.”

“మార్కెట్ పక్కది చూశారుగా. పెచ్చులూడిన గోడలు, ఒకటే ఏడుపులు. మనవాడు వెళ్ళేది ఏక్‌దం శాంతిగా ఉంటుంది.”

“ఆ మార్కెట్ కాడ, ఏడిసిన పిల్లని టీచరు దీదీ సంకనేసుకుంటంది.”

“మనవాడు మూడోరోజుకే ఏడుపు మానేశాడు. సెట్ అయిపోయాడు.”

“ముప్పై ఏళ్ళు ఫర్నేసు కాడ చేసేను. అది గోల పెట్టినన్నాళ్ళూ భయం నేదు. చప్పుడాగితేనే పరిగెత్తేవోళ్ళం.”

“ఇది ఫర్నేసు కాదు కదా మావయ్యా.”

“మనోడి కాడ కిటికీలోంచి చూసేనమ్మా. ఓ పిల్ల పడిపోనాది. మోకాలు చిట్లి రక్తం కారతంది. ఏడవబోయి, దీదీ ఏపు చూసింది.”

కోడలి చేతిలో తడిచొక్కా అలాగే ఉండిపోయింది.

“అప్పుడు మనవాడెక్కడున్నాడు?”

“పక్కనే ఉన్నాడు. గబుక్కున దాని నోరు మూసేడు.”

“మరి వాణ్ణి తీసుకొచ్చేయలేదేం?”

“అడిగేను. పన్నెండు దాటందే వదలరంట.”

“వదుల్తారు,” అంది కోడలు, స్కూటీ తాళం అందుకుంటూ.