తెల్ల జాకెట్, తుడిచేసిన విండోస్

ఎనుమాముల మార్కెట్ రోడ్డులో హెప్సిబా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం. లాప్‌టాప్ ముందర ఆమె తమ్ముడు శాంసన్.

“మొత్తం తుడిచినవా?”

“మొత్తమంటే... మొత్తమే అక్కా. అన్నీ తుడవాల్నా అని కంప్యూటర్ అడిగింది. నేను సదవకుంటనే ఎస్ కొట్టిన.”

“స్లో అయితాంది, జర చూడుమన్న గదరా.”

“చూసిన. విండోస్ బరువు, లినక్స్ తేలిక అని లినక్స్ ఎక్కిచ్చిన. ఇప్పుడు స్పీడ్ చూడు.”

“స్పీడ్ మంచిగనే ఉంది. నా పువ్వులు గీసే సాఫ్ట్‌వేర్ ఏది?”

“అది విండోస్‌ల తప్ప నడవదట.”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“తుడిచినంక.”

“రేపు చర్చిల సుప్రియ పెండ్లిరా. తెల్ల జాకెట్, చేతులకు ద్రాక్షగుత్తులు. ఆ పిల్ల ఇంకో జాకెట్ కూడ కుట్టిచ్చుకోలే.”

“ఫికర్ చెయ్యకు. తొవ్వలు మస్తుగున్నయి. వైన్ అని ఒకటుంటది. నువ్వు విండోస్‌లనే ఉన్నవని సాఫ్ట్‌వేర్‌ను నమ్మిస్తది.”

“నమ్మిందా?”

“సాఫ్ట్‌వేర్ నమ్మింది. దాని తాళం ఉంటది గదా, పక్కకు గుచ్చే పుల్ల, అది నమ్ముతలేదు.”

“ఆ పుల్లకైనా తెలివుంది. అవుగని, ఆ హైదరాబాద్ కంపెనోళ్లు మళ్ల ఫోనేమన్న...”

“ఇంకో తొవ్వ ఉన్నది. లినక్స్ లోపల్నే విండోస్‌కు చిన్న రూం కట్టియ్యచ్చు. వర్చువల్ మెషిన్ అంటరు.”

“నేనడిగింది ఉద్యోగం సంగతి.”

“రూం కట్టిన. దీనికి ర్యామ్ సాలుతలేదు. మౌస్ జరిపి, పోయి చాయ్ తాగచ్చిన. బాణం ఆడ్నే ఉంది.”

“చాయ్ అన్న తాగినవు, నయం.”

“రెండుసార్లు తాగిన. అక్కా, లోపల మిషిన్ సప్పుడేంది?”

“మార్తమ్మ చిన్నమ్మ ఎవరిదో చీరెకు ఫాల్ కుడుతాంది. నువ్వు చెప్పు, ఇంకేం తొవ్వ?”

“నెక్కొండల నా దోస్తు ఫ్రాన్సిస్ దగ్గర విండోస్ కంప్యూటర్ ఉంది. ఈడ కూసోని దాన్ని నడిపియ్యచ్చు.”

“నడిపియ్యి మరి.”

“వాళ్లకు కరెంట్ పోయింది.”

“కరెంట్ గూడనా!”

“నవ్వకు అక్కా.”

“నవ్వుతలేను.”

“నవ్వుతానవు. నవ్వు, ఏం చేస్తం. హైదరాబాద్ కంపెనీల పదిమందిని తీసేసిండ్రు, అండ్ల ముందుగాల నన్నే. ఇంటికాడన్న పనికస్తనని చూపిద్దామనుకున్న. వాళ్లు చేసింది కరెక్టే అని చూపిచ్చిన.”

“గట్లనకురా.”

“అనకుంటే ఏంది? ఒక్క లాప్‌టాప్ బాగుచెయ్యమంటే ఒక పెండ్లి ఖరాబ్ చేసిన. సిగ్గయితాంది అక్కా. సుప్రియోళ్లకు నేనే పోయి చెప్త. తిడితే నన్నే తిట్టనీ.”

“కూసో. ఎటు పోకు.”

“మిషిన్ ఆగినట్టుంది.”

“ఆగిందా? అయితే అయిపోయింది.”

“ఏందయిపోయింది?”

“సుప్రియ జాకెట్. చీరె ఫాల్ అని ఉత్తగనే చెప్పిన. నువ్వు లాప్‌టాప్ చూస్తనంటనే నాకు భయమైంది. డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌ల ఏసి దాసిన. అది ఎంబ్రాయిడరీ మిషిన్‌కు గుచ్చితే సాలు, దాని పని అది చేస్కుంటది. దానికి ఈ కంప్యూటర్‌తోని పనే లేదు.”

“మరి పొద్దుగాల్నుంచి నన్నెందుకు కూసోవెట్టినవు?”

“ఇంటికచ్చిన సంది తలుపేస్కొని రూంలనే ఉన్నవు. ఇయ్యాల నాతోని ఇంతసేపు మాట్లాడినవు. విండోస్ మళ్ల ఎక్కియ్యి తమ్మీ. గని మెల్లగ ఎక్కియ్యి.”