పన్ను సందులోని ఈల

తజికిస్తాన్ కొండల్లోని ఖోరోగ్‌లో ఒక డాబా మీద ఆప్రికాట్లు ఎండుతున్నాయి. కింద నది హోరు జోలపాటలా ఉంది. రిటైరైన పంతులమ్మ, ఆవిడ చెల్లెలి కొడుకు, తాము నడిపే ఇంటర్నెట్ భాషాపాఠాలను ఫోనులో సరిచూస్తున్నారు.

"విన్నావా పెద్దమ్మా? మన పాఠాలు వింటున్న ఈ నార్వే పిల్ల మన షుగ్ని భాష ఎంత ముద్దుగా మాట్లాడుతోందో!"

"ముద్దుగానే ఉంది. 'స' వచ్చినప్పుడల్లా ఈల వేస్తోందేం?"

"పాఠంలో అలాగే ఉంది మరి."

"పాఠం చెప్పింది మీ అమ్మ. అప్పటికే దాని ముందుపన్ను ఊడింది. బంగారుపన్ను కట్టించుకోవే అంటే, తను పోయేదాకా వాయిదా వేసింది."

"మొన్నొక కల వచ్చింది. మంచుకొండల మీంచి ఎవరెవరో దిగి వస్తున్నారు. అందరి నోటా అమ్మ ఈలే."

"కలలకు నేను జవాబుదారీ కాదు. నేర్చుకునేవాళ్ళకు తప్పు నేర్పకూడదు. ఆ మాటలన్నీ నేను మళ్ళీ చెబుతాను. పాతవి తీసెయ్."

"తీసేస్తే అమ్మ గొంతు నా ఫోనులోనే మిగిలిపోతుంది. ఇప్పుడు దాన్ని లోకం వింటోంది."

"ఉండరా. ఆ పిల్ల రేపు మన బజారుకొస్తే ఎవరు పలకరిస్తారు?"

"టీకొట్టు ముసలాళ్ళు."

"వాళ్ళలో ఎందరికి పళ్ళున్నాయి?"

"సగం మందికి లేవు."

"మరి వాళ్ళ మాట దానికి అర్థం కావద్దూ? నా గొంతు ముందు పెట్టు, మీ అమ్మది తర్వాత."

"అమ్మ పాఠం పైన ఏమని రాయను?"

"'పలకడానికి కాదు, వినడానికి' అని రాయి. ఏదీ, మీ అమ్మ గొంతు ఇంకోసారి పెట్టు."