ఉయ్యాల మీది కొమ్మలు

చెల్లెలు కొమ్మల్ని తాళ్ళతో కట్టి, పసివాడి ఉయ్యాల మీద అందంగా వేలాడదీసింది. చూడవచ్చిన అక్క వాటిని చేత్తో తిప్పింది.

“ఎంత ముచ్చటగా చేశావే! ఏ చెట్టువి?”

“మన కంచెవే అక్కా. గులాబీరంగు పూలు పూస్తుందే, అది. అందం పోతుందని బెరడు కూడా తియ్యలేదు.”

“గన్నేరా?”

“పేరు నాకేం తెలుసు? నీ మొహం అలా పాలిపోయిందేం?”

“దాని పుల్ల కూడా విషమేనే. ఈ చివర తడిగా ఉందేమిటి?”

“వాడికి పళ్ళొస్తున్నాయిగా. ఏదందితే అది కొరుకుతాడు.”

“వాణ్ణి లేపు.”

“వాంతి చేసుకుని ఇప్పుడే పడుకున్నాడక్కా.”

“లేపవే!”

“నాన్నా... బుజ్జీ... అక్కా, వీడు కళ్ళు తెరవట్లేదు.”

“ఇలా ఇయ్యి వీణ్ణి. నువ్వు కారు తియ్యి. ఆ కొమ్మ కూడా పట్రా, డాక్టరుకి చూపించాలి.”